కారు ఎందుకు ఆగింది

మా ఇంటి పక్క రేకుల షెడ్డులో పదకొండేళ్లుగా కదలకుండా పడి ఉన్న తెల్ల కారును ఈ ఎండాకాలం జనగామలో కార్లు బాగుచేసే మేస్త్రీ దగ్గరికి తోయించుకుపోయాను. తుక్కు కొనేవాడు అప్పటికే రెండుసార్లు వచ్చి చూసిపోయాడు. వాడికి ఇచ్చేస్తే సరిపోయేది. కాని ఆ కారు ఒకనాడు పరకాల దాటిన తర్వాత నడిరోడ్డు మీద ఎందుకు ఆగిపోయిందో తెలుసుకోకుండా వదిలేస్తే నేను ఇక భూపాలపల్లి పోలేను. భూపాలపల్లిలో నా భార్య ఉంటుంది. పదకొండేళ్ల కింద ఆమె నాకు ఒక్కటే షరతు పెట్టింది.

"కారు ఎందుకు ఆగిందో తెలిసిననాడు రా. అప్పటిదాంక రాకు."

నన్ను ఎరిగినవాళ్లకు నా పని తెలుసు, మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా ఊరూరా సభలు పెట్టడం. నాలుక మీద కర్పూరం వెలిగించి చూపించాను. ఖాళీ చేతిలోంచి విభూతి రాల్చి, ఎట్లా రాల్చానో అదే వేదిక మీద విప్పి చెప్పాను. కారణం లేకుండా ఏదీ జరగదని గొంతు బొంగురుపోయేదాకా అరిచాను. ఎదుటివాడు తడబడితే జాలి చూపలేదు, చూపడం తప్పని నేర్చుకున్నాను. అట్లాంటివాడి ఇంటి పక్కనే కారణం తెలియని సంగతి ఒకటి తుప్పు పట్టి పడి ఉంది. ఇంతకాలం దాన్ని విప్పి చూడలేదు. కారణం నాకు తెలుసనే అనుకున్నాను. కల్తీ డీజిల్. ఈ మాట ఆమెకు ఫోన్లో చాలాసార్లు చెప్పాను. "తెలిసినంక చెప్పు, అనుకున్నది చెప్పకు" అనేది.

మేస్త్రీ నాకంటే రెండేళ్లు చిన్న. ఆ కారుకు మొదటి నుంచీ అతనే వైద్యుడు. వెనక్కి పోయి ట్యాంకు మూత తీసి వాసన చూసి మొహం తిప్పుకున్నాడు.

"సారూ, గిది డీజిల్ కాదు, పాత వార్నీషు. ఇంజను సంగతి తర్వాత. ముందుగాల దీని కడుపు కడగాలె."

"కొత్త ట్యాంకు దొరకదా?"

"మీ అసొంటోళ్లు ఇంకొకరు దొరుకుతరేమో గని, ఈ కారు ట్యాంకు దొరకది."

"కడుగుదాం తమ్మీ. గని నాకు ఇంకోటి తెల్వాలె. అప్పట్ల ఊకె ఎందుకు ఆగేదో తెల్వాలె."

"పదకొండేండ్ల కింద సచ్చినదానికి ఇప్పుడు పోస్టుమార్టమా," అన్నాడు, నవ్వకుండానే.

ట్యాంకు డిక్కీ కింద రెండు ఇనుప పట్టీల మీద వేలాడుతూ ఉంటుంది. నట్లు తుప్పుతో బిగుసుకున్నాయి. కిరోసిన్ పోసి, నానబెట్టి, సుత్తితో మెల్లగా తట్టి ఒక్కొక్కటి ఊడదీశాడు. ట్యాంకు కిందికి దిగగానే నోట్లోని బీడీ తీసి రోడ్డు అవతలకు విసిరాడు. "నిండు ట్యాంకుకు అంత భయం లేదు సార్. ఖాళీదే పేల్తది. లోపల ఆవిరి ఉంటది," అన్నాడు. మంట తగలకుండా, నిప్పురవ్వ రాలకుండా మొదట నీళ్లతోనే కడగాలట. లోపల మిగిలిన డీజిల్‌ను డబ్బాలోకి వంచితే బెల్లం పాకంలా తీగలు సాగింది. బట్టల సోడా కలిపిన వేడినీళ్లు పోసి, మూసి, ఒక పూట ఉంచాడు. ఆ తర్వాత చిన్న చిన్న రాళ్లు వేసి ఊపాలి. అంచులు పదునుగా ఉన్న రాళ్లయితే లోపలి తుప్పును గీకుతాయి.

రాళ్లనగానే నాకు మా కిటికీలో ఉన్న రాళ్లు గుర్తుకొచ్చాయి. బయ్యారంలో సభ అయిన మరునాడు నా భార్య, నేను ఏరుకొచ్చిన ఇనుప రాళ్లవి. ఆమె సైన్సు టీచరు. బళ్లో పిల్లలకు చూపించడానికని కొంగు నిండా ఏరింది. నేను ఇక చాలన్నా వినలేదు. మిగిలిన గుప్పెడు ఇంటి కిటికీలో పెట్టింది. అవి తీసుకుపోయి మేస్త్రీ ముందు పోశాను.

అతను ఒకటి తీసి గోరుతో గీకాడు. గోరు ఎర్రబడింది. "సార్, మీరు ఇంత సదువుకున్నరు. ఇవి ఏస్తే ఎర్రగ దిగుతది. అండ్ల తుప్పేదో రాయేదో ఎట్ల తెలుస్తది?"

రాళ్లు మళ్లీ జేబులో వేసుకున్నాను. మేస్త్రీ రోడ్డు పని దగ్గర మిగిలిన కంకర ఏరి వేశాడు. తెగిన సైకిల్ చైను కూడా వేశాడు. చెరో వైపు పట్టుకుని జల్లెడ పట్టినట్టు ఊపడం మొదలుపెట్టాం. లోపల వాన వచ్చినంత చప్పుడు. కాసేపు ఊపి వంచితే నీళ్లు ఇటుక రంగులో వచ్చాయి. కొత్త నీళ్లు పోసి మళ్లీ ఊపాం.

చేతులు ఆ పనిలో ఉంటే నా మనసు మాత్రం కొత్తగూడ అడవి దారిలోకి పోయింది.

ఆ దగ్గరి తండాలో పగటిపూట సభ పెట్టుకున్నాం. పిల్లలకు జ్వరం వస్తే దవాఖానకు తీసుకుపోవాలని, మంత్రగాడి దగ్గరికి కాదని చెప్పి తిరిగి వస్తున్నాం. ఆమె నా పక్కన కూర్చుంది. కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆగిన చోట దారి పక్కన పసుపు పూసిన రాయి ఒకటి ఉంది. ఇప్పపువ్వు ఏరుకుని వస్తున్న తండా అవ్వ ఒకామె గంప దించి మమ్మల్ని చూసింది. పొద్దున నా సభలో ముందు వరసలో కూర్చున్న అవ్వే.

"సారూ, గా రాయికి మొక్కకుంట వచ్చినవా?"

"మొక్కలేదవ్వా. రాయికి ఎందుకు మొక్కాలె?"

"మరి తల్లి నీ బండిని ఆపదా?"

నా భార్య కారు దిగి, చెప్పులు విడిచి, ఆ రాయికి దండం పెట్టింది. అవ్వ గంపలోంచి ఒక ఇప్పపువ్వు తీసి బానెట్ మీద పెట్టింది. నేను పళ్లు కొరుకుతూ తాళం తిప్పాను. కారు స్టార్టయింది.

"నీ బండికి ఉన్న తెలివి నీకు లేకపాయె కొడుకా," అని అవ్వ గంప ఎత్తుకుంది.

మహబూబాబాద్ వచ్చేదాకా నేను మాట్లాడుతూనే ఉన్నాను. రెండు సంగతులు వెంటవెంట జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని, ఆ రాయి దగ్గర ఆగకుండా పోయిన బండ్లను ఎవరూ గుర్తుపెట్టుకోరని. అన్నీ సరైన మాటలే. ఇప్పుడూ ఆ మాటలే అంటాను. చివరికి "సైన్సు టీచరువై ఉండి మొక్కుతవా" అని అడిగాను.

"సైన్సు నేను పిల్లలకు చెప్తేనే వాళ్లకు వస్తది," అంది కిటికీలోంచి చూస్తూ. "భయం ఎవ్వలు చెప్పకుంటనే వస్తది."

అంతకు కొన్నాళ్ల ముందు ఒక సభలో ఎవరో విసిరిన రాయికి కారు ముందు అద్దం పగిలింది. గాజు ముక్కలు నా ఒళ్లో పడ్డాయి. అది పెద్ద విషయం కాదని నేను మరునాడే మరిచిపోయాను. ఆమె మరిచిపోలేదు. నేను సభకు బయల్దేరిన ప్రతిసారీ గేటు దాకా వచ్చి నిలబడేది. కారుకు నిమ్మకాయ కట్టనివ్వమని ఒకసారి అడిగింది. కారు లోపల, బయట ఎక్కడా అట్లాంటిది కనబడకూడదని చెప్పాను. ఆమె మళ్లీ అడగలేదు, ఆ ఒక్క రోజు తప్ప.

ఆ రోజు పొద్దున్నే మొగుళ్లపల్లి దగ్గరి వాళ్ల ఊరి నుంచి ఫోను వచ్చింది. మా అత్తమ్మకు బాగా సీరియస్, వెంటనే రమ్మని. నేను కారు బయటికి తీశాను. ఆమె చేతిలో దారానికి గుచ్చిన నిమ్మకాయ, మిరపకాయలు.

"ఈ ఒక్క దినం," అంది.

నేను వాటిని తీసుకుని గోడ మీద పెట్టాను. "నిమ్మకాయకు మీ ఊరి తొవ్వ తెలుసా?" అన్నాను. ఆ మాట బాగా కుదిరిందని అప్పుడు అనిపించింది. సభలో వాడుకోవచ్చని కూడా అనుకున్నాను. తల్లి చావుబతుకుల్లో ఉన్న మనిషితో మాట్లాడుతున్నానన్నది ఆ తర్వాత తట్టింది.

హనుమకొండ దాటేదాకా బాగానే పోయింది. పరకాల దాటి మొగుళ్లపల్లి రోడ్డు పట్టిన తర్వాత ఆగింది. పావుగంటకు స్టార్టయి, కొంచెం దూరం పోయి మళ్లీ ఆగింది. మూడోసారి ఆగినప్పుడు ఎంత తిప్పినా ఇంజను అందుకోలేదు. నేను ఫిల్టరు విప్పి చూస్తుంటే వెనక నుంచి బస్సు వచ్చింది. ఆమె చెయ్యెత్తింది. బస్సు ఆగింది.

"బస్సుల పోదాం. కారు ఈడనే ఉండనీ."

"ఐదు నిమిషాలు. పైపుల చెత్త ఉన్నది, అంతే. చూపిస్త నీకు."

డ్రైవరు హారను కొట్టాడు. ఆమె నా వంక చూసింది. నేను తల ఎత్తలేదు. బస్సు పోయింది.

చూపిస్త అన్నాను. ఎవరికి, ఏం చూపించాలని? ఆమె దేవత వల్ల ఆగిందనలేదు, నిమ్మకాయ తీసేసినందుకు ఆగిందనలేదు. బస్సెక్కుదాం అంది, అంతే. ఆ గంటలో అందరికంటే తెలివైన మాట అన్నది ఆమె. నేను మాత్రం లేని ప్రత్యర్థితో వాదనకు దిగి, కారును నడిపించి గెలవాలనుకున్నాను. చివరికి ట్యాంకు నుంచి వచ్చే పైపు ఊడదీసి నోటితో గట్టిగా వెనక్కి ఊదాను. ట్యాంకులో బుడబుడమని చప్పుడైంది. పైపు బిగించి తాళం తిప్పితే స్టార్టయింది. నల్లబడిన మూతితో, గెలిచిన మొహంతో వెనక్కి తిరిగాను. ఆమె నన్ను చూడడం లేదు, ట్యాంకు మూతను చూస్తోంది. తర్వాత వెనక సీట్లో కూర్చుంది.

మేము పోయేసరికి వాకిట్లో జనం ఉన్నారు. అత్తమ్మ పోయి అరగంట అయింది. "ఇప్పటిదాంక నిన్నే అడిగింది బిడ్డా," అన్నారెవరో.

దినాలు అయిన తర్వాత తీసుకురావడానికి పోతే, గడప అవతలే నిలబడి ఆ షరతు పెట్టింది. తర్వాత భూపాలపల్లి బడికి బదిలీ చేయించుకుంది. మాకు పిల్లలు లేరు, మధ్యలో మాట చేర్చేవాళ్లూ లేరు. కారు అమ్మవారి కోపం వల్ల ఆగిందని ఆమె అంటున్నట్టు నేను అర్థం చేసుకున్నాను. ఆ మంటలోనే, మూఢనమ్మకం కాపురాలను ఎట్లా కూలుస్తుందో వివరిస్తూ ఒక వ్యాసం రాశాను. చాలామంది మెచ్చుకున్నారు.

మూడో దఫా నీళ్లు వంచి మళ్లీ ఊపుతుండగా మేస్త్రీ చేతులు ఆగాయి.

"సార్, రాయి గాక ఇంకేందో ఉన్నది. మెత్తగ తాకుతుంది."

డీజిల్ మట్టం చూపే ముల్లు గేజీ బిగించే చోట మూత ఊడదీసి, కొన వంచిన తీగ లోపలికి దింపాడు. చాలాసేపు వెతికి, ఏదో తగిలించి పైకి లాగాడు. గోధుమరంగుకు తిరిగిన పాలిథిన్ ముక్క, మెడ దగ్గర దారం కట్టిన చిన్న పొట్లం. పొట్లం సగం విచ్చుకుంది. మెడకు పైన పాలిథిన్ అంచు నాలుకలా సాగి ఉంది. లోపల గడ్డకట్టిన పసుపు కుంకుమ, అందులో నాలుగు బియ్యం గింజలు.

మేస్త్రీ కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత ఒక పైపు ముక్క నోట్లో పెట్టుకుని, రెండో కొన ఆ పాలిథిన్ అంచుకు ఆనించి పీల్చాడు. అంచు పైపు మూతికి అతుక్కుపోయింది. పీల్చడం ఆపగానే ఊడి కింద పడింది.

"గిదే సార్ మీ కారు బీమారి. ఇంజను గుంజినప్పుడు అతుక్కుంటది, ఆగినంక ఊడుతది. మీరు ఊదితే దూరం పోతది, మళ్ల తిరిగి తిరిగి వస్తది. కల్తీ డీజిల్ అని ఎన్ని బంకులోళ్లను తిట్టినరో." పొట్లం నా చేతిలో పెట్టాడు. "ఎవలేసిండ్రో గని, మంచి కోరి ఏసినట్టున్నది."

ఎవరు వేశారో నాకు అప్పటికే తెలిసిపోయింది. మెడకు కట్టింది పరీక్ష పేపర్లకు కట్టే ట్యాగు. రెండు కొసలకు రేకు ముక్కలుండే ఆకుపచ్చ దారం. ఆ ట్యాగులు మా ఇంట్లో ప్రతి అరలో ఉండేవి. పాలిథిన్ పాల ప్యాకెట్టుది. పాలు పోసిన తర్వాత ఆమె ప్యాకెట్‌ను కడిగి, కోసి, వంటింటి తీగ మీద ఆరేసేది. పప్పులకు, మందు బిళ్లలకు, బడికి తీసుకుపోయే విత్తనాలకు అన్నిటికీ అవే. ఇప్పుడు ఆ తీగ మీద ఏమీ ఉండదు. నేను ప్యాకెట్ చింపి, పాలు పోసుకుని, పారేస్తాను.

మొదట కలిగింది ఆనందమే, దాచను. కారణం దొరికింది, చేతిలో పట్టి చూపించగల కారణం. అమ్మవారు లేదు, నిమ్మకాయ లేదు. మనిషి వేసిన పాలిథిన్, ఇంజను లాగే బలం, మూసుకున్న పైపు. మనసులో వాక్యాలు వాటంతట అవే వరస కడుతున్నాయి. ఇంటికి వచ్చి పొట్లాన్ని బల్ల మీద పెట్టుకుని కూర్చున్న తర్వాతే అసలు సంగతి ఎదురుగా నిలబడింది. ఇది ఆమెకు చెప్పడమంటే, నీ తల్లి దగ్గరికి నిన్ను చేరనివ్వనిది నువ్వు వేసిన పొట్లమే అని చెప్పడం. చెప్పకపోతే ఆమె పెట్టిన షరతు తీరదు.

ట్యాంకులో మేస్త్రీ చింతపండు పులుసు నింపి రెండు రోజులు ఉంచాడు. ఇత్తడి చెంబులు తోమే పులుపే ఇనుముకు కూడా పనికొస్తుందట. ఆ రెండు రోజులూ పొట్లం బల్ల మీదే ఉంది. నాకు వాదించే మనుషులు చాలామంది ఉన్నారు. కాని ఎదురుగా ఈ పొట్లం పెట్టుకుని, కప్పులో టీ చల్లారుతుంటే, "నువ్వు చెప్పేది నిజమే గని" అని మొదలుపెట్టే ఆ ఒక్క గొంతు కావాలనిపించింది. ఆ "గని" తర్వాత వచ్చేదాన్ని నేను ఏనాడూ పూర్తిగా వినలేదు.

మూడోనాడు ట్యాంకు కడిగి, ఎండలో బోర్లించి, లోపలికి గాలి కొట్టి ఆరబెట్టాడు. టార్చి వేసి చూడమన్నాడు. గోడలు బూడిదరంగులో, కొత్త ఇనుములా ఉన్నాయి. కొంచెం డీజిల్ పోసి, కడిగి, పారబోసి, బిగించాడు. ఇంజనుతో ఇంకో నాలుగు రోజులు కుస్తీ పట్టిన తర్వాత కారు పొగ కక్కుతూ లేచింది. మేస్త్రీ షెడ్డు చుట్టూ రెండు చక్కర్లు కొట్టాను, ఆగలేదు.

"ఇగ భూపాలపల్లి దాంక పోయినా పోతది," అన్నాడు మేస్త్రీ.

కారును ఇంటి దగ్గర పెట్టి, మరునాడు బస్సులో పోయాను.

పరకాలలో బస్సు ఆగినప్పుడు మొగుళ్లపల్లి వైపు తిరిగే రోడ్డును చూశాను. బస్సు భూపాలపల్లి రోడ్డు పట్టింది. జేబులో పొట్లం, దాని పక్కన తీసిపెట్టడం మరిచిన రెండు బయ్యారం రాళ్లు.

భూపాలపల్లిలో ఆమెది రెండు గదుల వాటా. బొగ్గు దుమ్ముకు కిటికీలు నల్లబడతాయి, రోజూ తుడవాల్సిందే అని ఫోన్లో అనేది. తలుపు తీసినప్పుడు చేతిలో తడిగుడ్డ ఉంది. తల పూర్తిగా తెల్లబడింది. పెళ్లయిన కొత్తలో నేను పట్టుబట్టి అలవాటు చేసిన పిలుపుతోనే పలకరించింది.

"నువ్వా. తెల్సిందా?"

కూర్చుని నీళ్లు తాగాను. దారంతా సిద్ధం చేసుకున్న మాట బయటికి వచ్చింది. "తుప్పు. ట్యాంకు నిండ తుప్పు."

నా జీవితంలో తెలిసి చెప్పిన అబద్ధాలు తక్కువ. అందుకే నాకు సరిగా చెప్పడం రాదు. ఆమె తడిగుడ్డ మడత పెట్టి కిటికీలో ఉంచింది.

"తుప్పేనా? మరి నేనేసిన పొట్లం ఏమాయె?"

జేబులోంచి తీసి ఆమె ముందు పెట్టాను. ముట్టుకోలేదు, చాలాసేపు చూసింది.

"అద్దం పలిగిన వారమే ఏసిన," అంది. "కారు మీద ఏం కనబడొద్దంటివి. ట్యాంకుల నువ్వు చూడవు గదా. పసుపు డీజిల్ల కలుస్తె ఇంజను కరాబైతదని పాల ప్యాకెట్‌ల సుట్టిన. సుట్టకుంట ఏస్తె ఏం కాకపోతుండె."

"ఎప్పుడు తెల్సింది నీకు?"

"నువ్వు పైపుల ఊదినవు సూడు, బుడబుడ అన్నది. గప్పుడే. వెనక్కి ఊదితె మంచిగైందంటె ముంగటికి గుంజేటప్పుడు ఏదో అడ్డం పడుతున్నదనే గదా."

ఆ చప్పుడు నేనూ విన్నాను. కార్యకారణాల గురించి ఊరూరా చెప్పినవాడిని.

"ఆ దినమే చెప్పకపోయినవా?"

"చెప్తె నువ్వు మీటింగుల చెప్తువు." గొంతులో కోపం లేదు. "మా అమ్మ సావు నీకు మంచి ఉదాహరణ అయ్యేది. సూస్తిరా, సైన్సు టీచరు, నా పెండ్లామే, అని. చప్పట్లు కొడుదురు. అందుకే నిన్నే తెలుసుకొని రమ్మన్న. నీయంతల నువ్వు ఇది పట్టుకొని, ఎవ్వలకు చెప్పకముందు నా దగ్గరికి వస్తె సాలనుకున్న."

"వచ్చిన."

"పదకొండేండ్లకు వచ్చినవు. మధ్యల వ్యాసం ఒకటి రాసినవు. సదివిన. రెండు అచ్చుతప్పులు ఉండె."

ఆమె టీ పెట్టింది. కప్పు నా ముందు పెడుతూ "కారు నడుస్తుందా?" అని అడిగింది.

"నడుస్తుంది."

"మరి దాంట్ల రాకపోయినవా?"

"బస్సుల రావాలనిపించింది. ఆ దినం ఎక్కాల్సింది."

ఆమె వంటింట్లోకి పోయి ఏవో గిన్నెలు సర్దింది. తిరిగి వచ్చేసరికి కళ్లు తుడుచుకుని ఉంది. ట్యాగు విప్పి, రేకు కొసలు గోరుతో సరిచేసి, కిటికీలో పెట్టింది. పొట్లాన్ని ఏం చేయాలో నేను అడగలేదు. పసుపులో మహిమ లేదన్న మాట నేను వెనక్కి తీసుకోలేదు, ఆమె తీసుకోమననూ లేదు. బయ్యారం రాళ్లు రెండూ బల్ల మీద పెడితే ఒకటి తీసి అరచేతిలో రుద్దుకుంది. అరచెయ్యి ఎర్రబడింది.

ఇదంతా రాయనా అని అడిగాను. అనుమతి అడిగి రాయడం నాకు కొత్త.

"రాసుకో. గని పేర్లు పెట్టకు. మా అమ్మ మీద చప్పట్లు కొట్టే తీరుగ రాయకు."

నాలుగింటికి బస్టాండుకు వచ్చాం. ఆమె కూడా నడిచి వచ్చింది. హనుమకొండ బస్సు వచ్చి ఆగింది, జనం ఎక్కుతున్నారు. నేను సంచి భుజానికి వేసుకున్నాను. ఆమె ఆ బస్సు వంక చూసి, నా సంచి పట్టీ పట్టుకుంది.

"గిది పోనీ," అంది. "వెనక ఇంకోటి ఉన్నది."

బస్సు పోయింది. ఇద్దరం బల్ల మీద కూర్చున్నాం.